109వ గడిలో ఒక పేరు

ఈ నెల స్ఫూర్తి జీవితం: అణు భౌతిక శాస్త్రవేత్త లీజ్ మైట్నర్ (1878–1968)



మీ ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలుంటే, వాళ్ల చదువుకునే బల్ల దగ్గర గోడకు మూలకాల ఆవర్తన పట్టిక అతికించి ఉండే అవకాశం ఎక్కువ. ఒకసారి దాని చివరి వరుస చూడండి. 109వ గడిలో మైట్నీరియం అనే మూలకం కనిపిస్తుంది. పరీక్షల్లో దాని గురించి ప్రశ్న రాదు కాబట్టి పిల్లలు అక్కడ ఆగరు. పురాణాల్లోని దేవతలను పక్కన పెడితే, ఆ పట్టిక మొత్తంలో ఒక్క స్త్రీ పేరు మీదే ఉన్న మూలకం ఇదొక్కటే. క్యూరియం ఉంది కదా అంటారేమో, అది మేరీ క్యూరీ, పియర్ క్యూరీ దంపతులిద్దరి పేరు మీద పెట్టింది.

109వ గడిలో ఉన్న పేరు లీజ్ మైట్నర్‌ది. యురేనియం కేంద్రకం రెండుగా చీలుతుందని, ఆ చీలికలో ఎంత శక్తి వస్తుందో లెక్క కట్టి చూపించిన ఇద్దరిలో ఆమె ఒకరు. అదే ఆవిష్కరణకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆమెకు కాదు, ముప్పై ఏళ్లపాటు ఆమెతో కలిసి పనిచేసిన మిత్రుడికి.

పరిశోధకుల విలువను ఇప్పుడు సైటేషన్లతో కొలుస్తున్నారు. ఒకరి పరిశోధనా పత్రాన్ని మిగతావాళ్లు తమ పత్రాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారన్నదే ఆ లెక్క. ఇలాంటి సూచిక కావాలని యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ 1955లో ప్రతిపాదించారు. 1960లలో అది అమల్లోకి వచ్చింది. 2005లో హెచ్ ఇండెక్స్ అనే మరో కొలత దానికి తోడైంది. ఉద్యోగాలు, ప్రమోషన్లు, యూనివర్సిటీల ర్యాంకులు చాలావరకు ఈ అంకెల మీదే నడుస్తున్నాయి. మన పిల్లల ప్రోగ్రెస్ కార్డు లాంటిదే ఇదీ. పనికొచ్చే కొలతే, కానీ కాగితం మీదికి ఎక్కినదాన్నే అది లెక్కపెడుతుంది. ఎక్కకుండా పోయింది ఎంత ఉంటుందో లీజ్ మైట్నర్ జీవితం చెబుతుంది.

ముందు ఫ్రెంచ్ టీచర్ సర్టిఫికెట్

లీజ్ 1878 నవంబరులో వియన్నా నగరంలో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో మూడో సంతానం. తండ్రి ఫిలిప్ మైట్నర్ యూదు కుటుంబానికి చెందిన న్యాయవాది. ఇంట్లో సంగీతం, పుస్తకాలు, చదరంగం, రాజకీయ చర్చలు నడిచేవి. ఆడపిల్లలూ మగపిల్లలతో సమానంగా చదవాలనేది ఆ తండ్రి నమ్మకం.

ఆయన నమ్మినా చట్టం ఒప్పుకోలేదు. అప్పటి ఆస్ట్రియాలో ఆడపిల్లల బడి చదువు పద్నాలుగేళ్లకే అయిపోయేది. అంకగణితం, కాస్త ఫ్రెంచ్, కుట్లు అల్లికలు వచ్చాక ఇంటికి వచ్చేయాల్సిందే. యూనివర్సిటీ తలుపులు స్త్రీలకు తెరుచుకున్నది 1897లో. అప్పటికి లీజ్ పద్దెనిమిదేళ్ల అమ్మాయి. బడి మానేసి నాలుగేళ్లు దాటింది.

ఇక్కడ ఆ తండ్రి చేసిన పని మన ఇళ్లలో కూడా చూస్తాం. భౌతిక శాస్త్రం చదువుతానని కూతురు అడిగితే, ముందు ఫ్రెంచ్ టీచర్‌గా అర్హత సంపాదించమన్నారు. రేపు ఏమైనా తన కాళ్ల మీద తను నిలబడగలగాలి కదా అన్నది ఆయన ఆలోచన. లీజ్ ఆ మాట విన్నారు. సర్టిఫికెట్ వచ్చాక ఆయన కూడా మాట నిలబెట్టుకున్నారు. ప్రైవేటుగా ట్యూషన్ పెట్టించారు. అబ్బాయిలు ఎనిమిదేళ్లలో చదివే సిలబస్‌ను ఆమె రెండేళ్లలో పూర్తిచేశారు. 1901లో పద్నాలుగు మంది అమ్మాయిలు బయటి అభ్యర్థులుగా అర్హత పరీక్ష రాస్తే నలుగురే పాసయ్యారు. వాళ్లలో లీజ్ ఒకరు. దాదాపు ఇరవై మూడేళ్ల వయసులో యూనివర్సిటీలో అడుగుపెట్టారు.

అక్కడ లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ పాఠాలు విన్నారు. అణువులు నిజంగా ఉన్నాయా అని పెద్దపెద్ద శాస్త్రవేత్తలే వాదించుకుంటున్న కాలమది. అణువులున్నాయని నమ్మి ఆ నమ్మకం మీదే తన శాస్త్రాన్ని కట్టిన ఆచార్యుడు ఆయన. భౌతిక శాస్త్రమంటే సత్యం కోసం జరిగే అన్వేషణ అన్న భావం లీజ్‌కు ఆ తరగతిలోనే అబ్బింది. 1906లో డాక్టరేట్ అందుకున్నారు. వియన్నాలో భౌతిక శాస్త్రంలో ఆ పట్టా పొందిన తొలి స్త్రీలలో ఆమె ఒకరు.

వడ్రంగి గదిలో ప్రయోగశాల

1907లో ఆమె బెర్లిన్ వెళ్లారు. మాక్స్ ప్లాంక్ దగ్గర కొంతకాలం పాఠాలు వినాలన్నది ఉద్దేశం. ఖర్చులకు తండ్రి పంపే డబ్బే ఆధారం. కొద్ది నెలల కోసమని వెళ్లిన మనిషి ముప్పై ఒక్క ఏళ్లు ఉండిపోయారు.

అక్కడే ఒట్టో హాన్ పరిచయమయ్యారు. ఆయన రసాయన శాస్త్రవేత్త, ఆమె భౌతిక శాస్త్రవేత్త. రేడియోధార్మికత మీద పనిచేయాలంటే ఈ రెండు చేతులూ కలవాలి. కానీ హాన్ పనిచేసే రసాయన సంస్థలోకి స్త్రీలకు ప్రవేశం లేదు. చివరికి దొరికిన అనుమతి ఇది: నేలమాళిగలో ఒకప్పటి వడ్రంగి గదిలో పని చేసుకోవచ్చు, వీధి వైపున్న వేరే గుమ్మం నుంచి రావాలి, పై అంతస్తుల్లో అడుగు పెట్టకూడదు. ఆ భవనంలో ఆమె వాడుకోవడానికి మరుగుదొడ్డి కూడా లేదు. వీధిలో ఉన్న రెస్టారెంటుకు వెళ్లి రావాల్సి వచ్చేది. రెండేళ్ల తర్వాత ప్రష్యాలో స్త్రీల ఉన్నత చదువుకు చట్టం అనుమతించాక ఈ నిషేధాలు తొలగాయి.

జీతం మాత్రం అప్పటికీ లేదు. 1912లో ప్లాంక్ ఆమెను తన సహాయకురాలిగా నియమించారు. విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దడం ఆ ఉద్యోగంలో ముఖ్యమైన పని. అదే ఆమె తొలి సంపాదన. అప్పటికి వయసు ముప్పై మూడు దాటింది.

1908లో బ్రిటన్ నుంచి ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్ బెర్లిన్ వచ్చారు. పత్రాల మీద లీజ్ పేరు చూసి మగవాడనుకున్నారట. ఎదురుగా చూసి ఆశ్చర్యపోయారు. తర్వాత హాన్, రూథర్‌ఫర్డ్ కూర్చుని సైన్సు మాట్లాడుకుంటుంటే, లీజ్ మాత్రం రూథర్‌ఫర్డ్ భార్యకు తోడుగా షాపింగుకు వెళ్లారు.

పని ఒకరిది, మొదటి పేరు మరొకరిది

మొదటి ప్రపంచ యుద్ధంలో లీజ్ ఆస్ట్రియా సైనిక ఆసుపత్రుల్లో ఎక్స్‌రే పని చేశారు. 1916లో బెర్లిన్‌కు తిరిగొచ్చేసరికి హాన్ సైన్యంలో ఉన్నారు. ఇద్దరూ అంతకుముందు మొదలుపెట్టిన వెతుకులాట ఒకటి మధ్యలో ఆగి ఉంది. ఆక్టీనియం అనే మూలకం వేరే దేన్నుంచి పుడుతోంది అన్నది ప్రశ్న. సహాయకులు లేరు, పరికరాలకు కరువు. చాలావరకు ఒంటరిగానే ఆమె ఆ పని ముగించారు. అలా దొరికిందే 91వ మూలకం ప్రొటాక్టీనియం. 1918లో పత్రం వెలువడినప్పుడు మొదటి పేరు హాన్‌ది, రెండోది ఆమెది. అందులో ఆమెకు అభ్యంతరం కనిపించలేదు. సెలవులో వచ్చినప్పుడల్లా హాన్ చేతనైనంత చేశారు, పని మొదలైంది ఇద్దరి చేతుల మీదుగా. స్నేహంలో ఇలాంటి లెక్కలు ఎవరూ వేసుకోరు. లెక్కలు వేసేది తర్వాత వచ్చేవాళ్లు. వాళ్లకు కనిపించేది కాగితం మీది వరుసే.

1922లో ఇంకొకటి జరిగింది. అణువు లోపలి పొరలో ఒక ఎలక్ట్రాన్ ఖాళీ ఏర్పడితే, పై పొరలోని ఎలక్ట్రాన్ అందులోకి దిగుతుంది. మిగిలిన శక్తి ఒక్కోసారి కాంతిగా బయటికి రాకుండా, మరో ఎలక్ట్రాన్‌ను బయటికి నెట్టేస్తుంది. ఈ సంగతి లీజ్ 1922లో ప్రచురించారు. మరుసటి ఏడాది ఫ్రాన్సులో పియర్ ఓజే అనే యువకుడు స్వతంత్రంగా అదే కనిపెట్టారు. పేరు ఆయనదే స్థిరపడింది. లోహాల ఉపరితలాన్ని పరీక్షించే ప్రయోగశాలల్లో ఓజే పేరు రోజూ వినిపిస్తుంది. ఇద్దరి పేర్లూ కలిపి పిలవాలని శాస్త్రవేత్తలు గట్టిగా అడుగుతున్నది ఈ మధ్యనే.

అలాగని బెర్లిన్‌లో ఆమెను ఎవరూ పట్టించుకోలేదని అనుకోవద్దు. 1917లో భౌతిక శాస్త్ర విభాగం ఆమె చేతికొచ్చింది. 1926లో ప్రొఫెసర్ అయ్యారు. జర్మనీలో భౌతిక శాస్త్రంలో ఆ హోదా పొందిన తొలి స్త్రీ ఆమె. విశ్వంలో జరిగే ప్రక్రియల గురించి ఆమె చేసిన ప్రసంగాన్ని ఒక పత్రిక సౌందర్య సాధనాల గురించిన ప్రసంగంగా అచ్చువేసింది. స్త్రీ ఉపన్యాసమంటే అంతకన్నా ఏముంటుందిలే అనుకున్నారు కాబోలు.

ఓడిపోయిన చోట నిజాయితీ

ఆమె గొప్పతనం తెలిసేది గెలిచిన చోట కన్నా ఓడిన చోట. బీటా కిరణాల గురించి ఆమెకు గట్టి అభిప్రాయం ఒకటుండేది. కేంద్రకం నుంచి వచ్చే ఎలక్ట్రాన్లన్నీ ఒకే నిర్దిష్ట శక్తితో బయలుదేరతాయని ఆమె వాదన. కాదు, వాటి శక్తి రకరకాలుగా ఉంటుందని కేంబ్రిడ్జ్‌లో చార్లెస్ ఎల్లిస్ వాదించేవారు. ఈ పోటీ ఏళ్ల తరబడి నడిచింది. 1927లో ఎల్లిస్, ఆయన సహచరుడు వూస్టర్ చేసిన ప్రయోగం ఆమెకు వ్యతిరేకంగా తేలింది.

లీజ్ ఏం చేశారంటే, అదే కొలతను మరింత జాగ్రత్తగా తన ప్రయోగశాలలో మళ్లీ చేయించారు. ఫలితం ఎల్లిస్ చెప్పినట్టే వచ్చింది. 1930లో దాన్ని తన పేరుతోనే ప్రచురించారు. అంటే, తన వాదన తప్పని తానే రుజువు చేశారు. మరి ఆ తగ్గిన శక్తి ఎక్కడికి పోతున్నట్టు? ఆ ప్రశ్నకు సమాధానంగానే వోల్ఫ్‌గాంగ్ పౌలీ ఆ ఏడాది డిసెంబరులో ఎవరికీ కనిపించని కణం ఒకటి ఉండాలని ఊహించారు. దాన్ని న్యూట్రినో అంటున్నాం. 1956లో అది ప్రయోగంలో దొరికింది. ఆ ఊహను పౌలీ తొలిసారి రాసి పంపిన లేఖ, లీజ్ కూడా పాల్గొంటున్న సమావేశానికే.

తప్పు చేసిన పిల్లాడు రబ్బరుతో చెరిపేసి ఊరుకుంటే ఒక తీరు. ఎక్కడ తప్పానో చూసి మళ్లీ చేసి చూపిస్తే ఇంకో తీరు. రెండో తీరుకు మార్కులుండవు. లీజ్ దాన్ని యాభై ఏళ్ల వయసులో, ప్రపంచం చూస్తుండగా చేశారు.

పది మార్కులు, రెండు చిన్న పెట్టెలు

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చారు. యూదు మూలాలున్నాయని లీజ్‌కు యూనివర్సిటీలో బోధించే హక్కు తీసేశారు. ఆస్ట్రియా పౌరసత్వం ఉండడంతో పరిశోధనా సంస్థలో పని మాత్రం మిగిలింది. ఎందరో సహచరులు దేశం విడిచి వెళ్తుంటే ఆమె ఉండిపోయారు. చేతులారా కట్టుకున్న ప్రయోగశాలను వదల్లేకపోయారు. అలా ఉండిపోవడం తప్పేనని యుద్ధం తర్వాత ఆమె తనను తాను నిందించుకున్నారు.

1934లో యురేనియం మీద న్యూట్రాన్లు ప్రయోగిస్తే ఏమవుతుందో చూద్దామని హాన్‌ను ఒప్పించింది ఆమే. ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ అనే యువ రసాయన శాస్త్రవేత్త కూడా జతయ్యారు. యురేనియం కన్నా బరువైన కొత్త మూలకాలు దొరుకుతున్నాయని నాలుగేళ్లపాటు ముగ్గురూ నమ్మారు. ఆ నమ్మకం తప్పు. ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. కేంద్రకం పెద్ద ముక్కలుగా విరిగిపోతూ ఉండొచ్చు కదా అని 1934లోనే ఇడా నోడాక్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త అచ్చులో ప్రశ్నించారు. ఆమె ప్రయోగం చేసి చూపలేదు. ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు. లీజ్ బృందం కూడా పట్టించుకోలేదు. పేరు దక్కని బాధ తర్వాత లీజ్‌కు తెలిసింది. అంతకుముందే మరో స్త్రీ మాటను అలా దాటేసిన వాళ్లలో తానూ ఉన్నారు.

1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకుంది. లీజ్ పాస్‌పోర్టు చిత్తుకాగితమైంది. కొత్తది ఇవ్వరు, దేశం దాటనివ్వరు. జూలై 12న ఆఖరి రోజు కూడా ఎవరికీ అనుమానం రాకుండా రాత్రి ఎనిమిదింటి దాకా ప్రయోగశాలలోనే ఉన్నారు. ఒక జూనియర్ రాసిన పత్రాన్ని దిద్దుతూ కూర్చున్నారు. తర్వాత గంటన్నరలో రెండు చిన్న పెట్టెలు సర్దుకున్నారు. పర్సులో పది మార్కులు. అవసరమైతే అమ్ముకోవడానికో, సరిహద్దులో ఎవరికైనా ఇవ్వడానికో పనికొస్తుందని హాన్ తన తల్లి వజ్రపు ఉంగరం ఇచ్చారు. మర్నాడు డచ్ శాస్త్రవేత్త డిర్క్ కోస్టర్ రైల్లో ఆమెను వెంటబెట్టుకుని సరిహద్దు దాటించారు. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు నిండబోతున్నాయి. ముప్పై ఒక్క ఏళ్ల జీవితం వెనక ఉండిపోయింది.

స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో తలదాచుకోవడానికి చోటు దొరికింది. గది ఇచ్చారు కానీ పరికరాలు, సహాయకులు సరిగా ఇవ్వలేదు. ఒకప్పుడు విభాగం నడిపిన మనిషి కొత్తగా చేరిన ఉద్యోగిలా కూర్చోవాల్సి వచ్చింది. పేరు, గుర్తింపు అంటే దండలు, శాలువాలు మాత్రమే కాదు. అవి ఉన్న చోట ప్రయోగశాల ఉంటుంది, జీతం ఉంటుంది, తలుపు తెరుస్తారు. లేని చోట తెలివి చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

మంచులో ఒక మొద్దు మీద

1938 నవంబరులో లీజ్, హాన్ కోపెన్‌హేగన్‌లో రహస్యంగా కలిశారు. హాన్, స్ట్రాస్‌మన్‌లకు యురేనియంలో రేడియం లాంటిది కనిపిస్తోంది. భౌతిక శాస్త్రం ప్రకారం అది కుదరదని, మళ్లీ గట్టిగా పరీక్షించమని ఆమె పట్టుబట్టారు. వాళ్లు పరీక్షించారు. డిసెంబరులో తేలింది రేడియం కాదు, బేరియం. యురేనియం పరమాణు సంఖ్య 92, బేరియానిది 56. ఇంత పెద్ద కేంద్రకం నుంచి సగం మాత్రమే ఉన్న కేంద్రకం ఎలా వస్తుంది? హాన్‌కు అర్థం కాలేదు. ఇది ఎలా సాధ్యమో చెప్పమని ఆమెకే ఉత్తరం రాశారు.

క్రిస్మస్ సెలవులకు లీజ్ స్వీడన్ పశ్చిమాన కుంగెల్వ్ అనే చిన్న ఊళ్లో ఉన్నారు. ఆమె అక్క కొడుకు ఒట్టో రాబర్ట్ ఫ్రిష్ కోపెన్‌హేగన్ నుంచి వచ్చారు. ఆయనా భౌతిక శాస్త్రవేత్తే. ఆ పండుగ సంతోషంగా ఏమీ లేదు. ఫ్రిష్ తండ్రి, అంటే లీజ్ బావగారు, నాజీల నిర్బంధ శిబిరంలో ఉన్నారు. ఉత్తరం చదివి పిన్నీ కొడుకూ మంచులో నడకకు బయలుదేరారు. ఆయన స్కీలు తొడుక్కున్నారు, ఆమె నడిచే ఆయనతో సమానంగా వచ్చారు. దారిలో పడి ఉన్న చెట్టు మొద్దు మీద కూర్చుని, జేబులోని చిన్న కాగితాల మీద లెక్క మొదలుపెట్టారు.

కేంద్రకాన్ని గట్టి రాయిలా ఊహించుకుంటే అది రెండు ముక్కలవడం అసాధ్యం. నీటి బొట్టులా ఊహించుకుంటే? పెద్ద బొట్టు వణుకుతుంది, సాగుతుంది, నడుమ సన్నబడుతుంది, రెండవుతుంది. యురేనియం అలాంటి వణికే బొట్టే. ఒక న్యూట్రాన్ తగిలితే చాలు. 92లోంచి 56 తీసేస్తే 36, అంటే రెండో ముక్క క్రిప్టాన్. ఆ ముక్కలు ఒకదాన్నొకటి బలంగా నెట్టుకుంటాయి. ఆ వేగానికి కావాల్సిన శక్తి 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. మరి అంత శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? కేంద్రకాల బరువులు కట్టే సూత్రం లీజ్‌కు నోటికి వచ్చు. రెండు ముక్కల బరువు కలిపినా అసలు కేంద్రకం కన్నా తక్కువే, తేడా ప్రోటాన్ బరువులో ఐదో వంతు. ద్రవ్యరాశి శక్తిగా మారుతుందన్న ఐన్‌స్టీన్ సూత్రంలో ఆ తేడాను పెడితే సరిగ్గా 20 కోట్లే వచ్చింది. ఐన్‌స్టీన్ ప్రసంగాన్ని ఆమె 1909లో విన్నారు. దాదాపు ముప్పై ఏళ్ల కిందటి ఆ పాఠం ఆ మొద్దు మీద అక్కరకొచ్చింది.

ఫ్రిష్ తిరిగి వెళ్లి ప్రయోగం చేసి నిర్ధారించారు. జీవకణం రెండుగా విడిపోవడానికి వాడే మాటనే దీనికీ పెట్టారు. మన పిల్లలు కేంద్రక విచ్ఛిత్తి అని చదువుకునేది అదే.

రెండు పత్రాలు, ఒక బహుమతి

హాన్, స్ట్రాస్‌మన్‌ల పత్రం 1939 జనవరి 6న జర్మనీలో వెలువడింది. అందులో లీజ్ పేరు లేదు. దేశం విడిచి పారిపోయిన యూదు మహిళ పేరు వేస్తే హాన్‌కు, స్ట్రాస్‌మన్‌కు ప్రమాదం. ఆ కష్టం ఆమెకూ తెలుసు. లీజ్, ఫ్రిష్‌ల పత్రం ఫిబ్రవరి 11న బ్రిటన్ పత్రిక నేచర్‌లో వచ్చింది. కేంద్రకం ఎలా చీలుతుందో, ఎంత శక్తి వస్తుందో చెప్పింది ఇదే. ఒకే ఆవిష్కరణ రెండు కాగితాలైంది. మొదటిది రసాయనం, రెండోది భౌతికం. నాలుగేళ్ల ఉమ్మడి పని ఏ కాగితం మీదా కనిపించలేదు.

ప్రమాదం గడిచాక కూడా హాన్ ఆ మాట సరిదిద్దలేదు. ఆవిష్కరణ పూర్తిగా రసాయన శాస్త్రానిదేనని, భౌతిక శాస్త్రం దారికి అడ్డమే అయిందని చెబుతూ వచ్చారు. 1944 సంవత్సరపు రసాయన నోబెల్ ఆయన ఒక్కరికే దక్కింది. దాన్ని 1945 నవంబరులో ప్రకటించారు. బృందానికి ఆలోచనలో నాయకురాలు లీజ్ అని ఆ తర్వాత స్పష్టంగా చెప్పింది స్ట్రాస్‌మన్. ఆయన పేరు కూడా ఆ బహుమతిలో లేదు.

నోబెల్ ఫైళ్లు యాభై ఏళ్లు మూసి ఉంచుతారు. తెరిచాక తెలిసింది: 1924 నుంచి మొదలుపెట్టి ఆమెను రసాయనానికీ, భౌతికానికీ కలిపి దాదాపు యాభై సార్లు ప్రతిపాదించారు. ప్లాంక్, బోర్ లాంటి వాళ్లు కూడా ప్రతిపాదించిన వారిలో ఉన్నారు. ఒక్కసారి కూడా రాలేదు. రెండు శాస్త్రాలు కలిసి చేసిన పనిని ఒకే శాస్త్రం కళ్లద్దాలతో చూడడం, ప్రవాసంలో ఉన్న మనిషి స్థానాన్ని తక్కువగా అంచనా వేయడం దీనికి కారణాలని ఆ ఫైళ్లు చదివిన చరిత్రకారులు తేల్చారు. మ్యూనిక్‌లోని మ్యూజియంలో ఆ ప్రయోగం చేసిన బల్లను దశాబ్దాలపాటు హాన్ బల్లగానే ప్రదర్శించారు. దాని మీది భౌతిక పరికరాలు లీజ్ ప్రయోగశాలవి.

వద్దనుకున్న పేరు

ఆమెకు సులభంగా దొరికే పేరు ఒకటుండేది. 1943లో అణుబాంబు తయారీలో చేరమని పిలుపు వచ్చింది. ప్రవాసం నుంచి, ఒంటరితనం నుంచి బయటపడే దారి అది. గొప్ప ప్రయోగశాల, పాత మిత్రులు అందరూ అక్కడే. బాంబుతో తనకు సంబంధం వద్దని ఆమె నిరాకరించారు. హిరోషిమా తర్వాత పత్రికలు ఆమెను బాంబుకు తల్లిగా చిత్రించాయి. ఆ పిలుపు ఆమెను జీవితాంతం బాధించింది. దక్కాల్సిన పేరు దక్కలేదు, అక్కర్లేని పేరు అంటగట్టారు.

హాన్‌తో స్నేహం మాత్రం ఆమె తెంచుకోలేదు. నాజీల కాలంలో మౌనంగా ఉన్నందుకు జర్మన్ శాస్త్రవేత్తలను, హాన్‌ను కూడా, 1945లోనే ఉత్తరంలో నిలదీశారు. అయినా పుట్టినరోజులకు కలుసుకున్నారు, ఉత్తరాలు రాసుకున్నారు. 1947లో స్టాక్‌హోమ్‌లో ఆమెకు సరైన పరిశోధనా స్థానం దొరికింది. 1949లో మాక్స్ ప్లాంక్ పతకం ఇద్దరికీ కలిపి ఇచ్చారు. 1959లో పశ్చిమ బెర్లిన్‌లో ఒక అణు పరిశోధనా సంస్థకు హాన్, మైట్నర్ పేర్లు కలిపి పెట్టారు. 1966లో అమెరికా ఎన్రికో ఫెర్మీ అవార్డును హాన్, మైట్నర్, స్ట్రాస్‌మన్ ముగ్గురికీ ఇచ్చింది. ముగ్గురి పేర్లూ ఒకే కాగితం మీదికి రావడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది.

1960లో ఆమె ఫ్రిష్ కుటుంబానికి దగ్గరగా ఉండాలని కేంబ్రిడ్జ్ వెళ్లారు. 1968 జూలైలో హాన్ కన్నుమూశారు. తట్టుకోలేరని ఆ వార్త ఆమెకు చెప్పలేదు. అక్టోబరు 27న ఆమె కూడా వెళ్లిపోయారు, తొంభయ్యో పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు. ఇంగ్లండులోని బ్రామ్లీ అనే పల్లెలో తమ్ముడి సమాధి పక్కన ఆమె సమాధి ఉంది. దాని మీద ఫ్రిష్ రాయించింది బహుమతుల గురించి కాదు, పిన్ని మనిషితనం గురించి.

1997లో 109వ మూలకానికి మైట్నీరియం పేరు ఖాయమైంది. 105వ మూలకానికి హాన్ పేరు పెట్టాలన్న ప్రతిపాదన అదే ఏడాది వీగిపోయింది.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

వచ్చే నెలల్లో మీ పిల్లలు సైన్స్ ప్రాజెక్టులు తెస్తారు. నలుగురు కలిసి చేసిన మోడల్ మీద నాలుగు పేర్లు ఉంటాయి. ఎన్ని మార్కులు వచ్చాయని ఎలాగూ అడుగుతాం. దాంతోపాటు ఇవి కూడా అడిగి చూడండి.

ఆలోచన ముందు ఎవరికి వచ్చింది? అట్ట ఎవరు కోశారు, లెక్క ఎవరు వేశారు? చార్టు మీద పేర్ల వరుస ఎవరు నిర్ణయించారు? ఎవరి పేరైనా మిగిలిపోయిందా? మిగిలిపోయింది మీ అబ్బాయి పేరైతే, టీచరుకు మర్యాదగా చెప్పే ధైర్యం ఇవ్వండి. మిగిలిపోయింది స్నేహితురాలి పేరైతే, మర్నాడు బడికెళ్లి మీ అబ్బాయే చెప్పేలా చూడండి. హాన్ చేయలేకపోయిన పని అది. తొమ్మిదో తరగతి పిల్లాడు చేయగలడు.

ఇంటికి దూరంగా హాస్టల్లో ఉండి చదువుతున్న ఆడపిల్లల తండ్రులకు ఇంకో మాట. వియన్నాలోని ఆ న్యాయవాది కూతురికి ముందు ఒక సర్టిఫికెట్ తెమ్మన్నారు. అది తెచ్చాక అడ్డు చెప్పకుండా డబ్బు పంపుతూనే ఉన్నారు. ఆయన 1910లో పోయారు. అప్పటికి కూతురికి జీతం లేదు, ప్రొఫెసర్ పదవి లేదు, ప్రపంచానికి ఆమె పేరు తెలియదు. ఆయన చూసింది వడ్రంగి గదిలో పని మొదలుపెట్టి, ఆ పనిలో ఆనందంగా ఉన్న కూతురిని మాత్రమే. అది చూసే ఆయన మనియార్డర్లు పంపారు.

ఈ వారం ఆ చార్టు దగ్గర పిల్లలతో కలిసి ఒక్క నిమిషం నిలబడండి. 109వ గడి చూపించి ఇది ఎవరి పేరో తెలుసా అని అడగండి. తెలియదంటే ఈ కథ మీరే చెప్పండి.